మీటరు లోపలి జిమ్మేదారి

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా అమ్మైతే ఫలానా ఆయన పోయాడని తెలిసిన మరుక్షణం, నిన్నటిదాకా తిట్టిన నోటితోనే "పాపం, బంగారం లాంటి మనిషి" అనేస్తుంది. నాకా గుణం అబ్బలేదు. కొత్తగూడలో మా పాత ఇంటి ఓనరు పోయాడన్న మెసేజీ చూసినప్పుడు నాకు దుఃఖం రాలేదు, తేలికనిపించింది. ఆఫీసు క్యాంటీన్లో వరసలో నిలబడి ఉన్నాను. ఫోను సంచిలో పడేసి, వడ్డించే ఆయన్ని ఇంకో అప్పడం అడిగాను.

మెసేజీ పంపింది ఆ ఇంట్లో మూడో అంతస్తులో ఇప్పటికీ అద్దెకుంటున్న ఆవిడ. శుక్రవారం పదకొండో రోజు భోజనాలట, పాత కిరాయిదార్లందరినీ రమ్మని ఆయన కొడుకు చెప్పమన్నాడట. ఆ ఇంట్లో రెండో అంతస్తులో నేను మూడేళ్ళున్నాను. అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం, ఇక్కడా అదే అంటాను. పేరు పెట్టి తలుచుకునేంత ప్రేమ మా మధ్య ఎప్పుడూ లేదు.

ఆయన ఏ ఊళ్ళో పుట్టాడు, ఎంత చదివాడు, నాలుగంతస్తులు ఎలా లేపాడు అన్నవి నాకు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. ముప్పై ఏళ్ళు నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పాడని మాత్రం తెలుసు, ఎందుకంటే రోజుకు రెండుసార్లు ఆయనే చెప్పేవాడు. నాకు బాగా తెలిసింది ఆయన చెవి. ఆయన దగ్గర నడుమెత్తు ఇనుప చువ్వ ఒకటుండేది. నల్లా నీళ్లు వదిలే పొద్దుట, వాకిట్లో మీటరు పక్కన గొంతుక్కూర్చుని, చువ్వ ఒక కొస పైపు మీద పెట్టి, రెండో కొస చెవి కింద ఎముకకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. భూమిలో ఎక్కడ లీకున్నా లైన్‌మన్లు ఇలాగే పడతారట. ఈయన లీకులు వదిలేసి మనుషుల్ని పట్టేవాడు.

"మూడో అంతస్తుల బియ్యం కడుగుతున్నరు," అనేవాడు కళ్ళు తెరవకుండా. "నాలుగో అంతస్తు సారు నల్లా ఇడ్శిపెట్టి ఫోను మాట్లాడుతుండు." పైకెళ్ళి చూస్తే నిజమే అయ్యుండేది. మొదట్లో నాకిది ముచ్చటగా ఉండేది, మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ ముచ్చట నాలుగో అంతస్తు సారుతో తీరిపోయింది.

ఆ సారుకు ఉద్యోగం పోయింది. గచ్చిబౌలిలో ఏదో పెద్ద కంపెనీ, ఒక్క మెయిల్‌తో పంపించేశారు. ఇంట్లో చెప్పుకోలేక, పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరి, భార్య తన ఆఫీసుకు వెళ్ళాక తిరిగొచ్చి తలుపేసుకుని కూర్చునేవాడు. ఎవరికీ తెలియదు. పెద్దాయనకు తెలిసింది, మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే పైపులో నల్లా చప్పుడుతో. ఒక ఆదివారం ఆ దంపతులిద్దరూ కూరగాయల సంచులతో గేటు తీసుకుని వస్తుంటే, వాకిట్లో నలుగురం ఉన్నాం, ఈయన కుర్చీలోంచి కదలకుండా అడిగాడు.

"ఏం సారూ, పదకొండు గొట్టంగ మీ ఇంట్ల నల్లా మోగుతుంది? నౌకరి వాయెనా?"

ఆ మనిషి మొహం ఎలా అయిందో నేను చూశాను. ఆవిడ సంచి కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. పెద్దాయన చువ్వ కొస లుంగీకి తుడుచుకుంటూ, "నౌకరి వోతె పోయింది, దాచుడెందుకు? నీళ్లు దాగుతయా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నెల తిరక్కముందే వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

ఇలాంటివి ఇంకో పది చెప్పగలను. మంచి కూడా చెప్పమంటారా? ఒక్కటుంది. ఆయన భార్య కింద ముందుగదిలో మంచాన పడి రెండేళ్ళయింది. మాట సరిగా రాదు, మనుషుల్ని పోల్చుకోలేదు. నల్లా వదలగానే మొదటి గ్లాసు ఆయనే పట్టి, గోరువెచ్చన చేసి, తల ఎత్తి తాగించేవాడు. "క్యాన్ నీళ్లు గీమెకు పడయి," అనేవాడు. ఆయనలో ఉన్న మంచి ఆ గ్లాసుడే.

ఇక నల్లా సంగతి చెప్పాలి, అది లేకుండా ఈయన లేడు. ఆ ఇల్లు పల్లంలో ఉంది, ట్యాంకు గుట్ట మీద ఉంది. అయినా పాతరోజుల్లో నీళ్లు దారంలా వచ్చేవట. బిందె నిండాలంటే ఇంటికో మనిషి కాపలా. అందుకని ఈయన నౌకరీలో ఉన్నప్పుడే, తన ఇంటికి వచ్చే పైపులో నీటిని అణిచి పంపే ఇరుకు ముక్కేదో పీకి పారేసి, లావు పైపు వేయించుకున్నాడు. గల్లీలో ఎవరింటికీ లేనంత ధార ఈయన వాకిట్లో. తర్వాత చుట్టుపక్కల లేచిన అపార్ట్‌మెంటు టవర్ల కోసం కొత్త పెద్ద లైను వేశారు. ఒకప్పుడు దారంలా వచ్చిన చోటికి ఇప్పుడు రోజు విడిచి రోజు, పొద్దున రెండు గంటలు, తన్నుకుంటూ రావడం మొదలెట్టింది. వంటింట్లో నల్లా తిప్పితే గిన్నె చేతిలోంచి ఎగిరిపోయేది. నెలకో జాయింటు ఊడేది. గోడల్లో పైపులు దడదడలాడుతుంటే మేం పక్కమీదే ఉలిక్కిపడి లేచేవాళ్ళం.

అందరం కలిసి ఆఫీసులో చెబితే ఒకాయన వచ్చి, నల్లాకు గడియారం లాంటిది బిగించి చూశాడు. ముల్లు చివరికంటా పోయింది.

"పెద్దాయనా, ప్రెషర్ మస్తు ఎక్కువుంది. తగ్గించే వాల్వు ఒకటి దొరుకుతది, మీటరు పక్కన పెట్టించున్రి. గంతే."

"మీరు పెట్టరా?"

"మీటరు దాకనే మా జిమ్మేదారి. మీటరు లోపల మీది. మీకు చెప్పాల్నా, మీరు మా ఆఫీసోళ్లే గదా."

పెద్దాయన మొహం ఎర్రబడింది. "ముప్పై ఏండ్లు ఈ గల్లీకి నీళ్లిచ్చినోణ్ణి. బిందెడు నీళ్లకు ఆడోళ్లు జుట్లు వట్టుకుంటుంటె చూసినోణ్ణి. ఇయ్యాల దేవుడు ధార ఇస్తె, నా ఇంటికి నేనే తాళమేసుకుంటనా? పో, పో." వచ్చినాయన భుజాలెగరేసి బండెక్కి పోయాడు.

అంతే, ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు. నీళ్లు తక్కువైతే ఏం చేయాలో తెలిసిన మనిషి, ఎక్కువైతే ఏం చేయాలో తెలుసుకోనన్నాడు. దానికి బదులు ఆయన బుర్రలోంచి పుట్టింది వంతు. వాకిట్లో సంపు మీద ఒక నల్లా ఉంది, పిడి పైకి లాగితే తెరుచుకునేది, కిందికి నెడితే మూసుకునేది. నీళ్లు వచ్చినంతసేపూ దాన్ని సగం తెరిచి ఉంచితే ఉధృతి కొంత అటు పోయి, లోపలి పైపులు బతుకుతాయి. కానీ ఆ పిడి వదులు. అదురుకి అదిరి అదిరి దానంతటదే కిందికి జారి మూసుకుపోయేది. అందుకని రెండు గంటలూ ఒక మనిషి అక్కడ పీట వేసుకుని పిడి మీద చెయ్యి పెట్టి కూర్చోవాలి. అంతస్తుకో రోజు. కాగితం మీద గీతలు కొట్టి మెట్ల కింద అతికించాడు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అదీ. అయిదుగురు మనుషుల పొద్దుటిపూటలు ఆ పిడికి కట్టేశాడు.

వంతుకు కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఒకటే పాఠం చెప్పేవాడు. "మెల్లగ. బంద్ జేసేటప్పుడు మల్లా మల్లా మెల్లగ. టక్కున ఆపితె నీళ్లు ఎనుకకు కొడ్తయి. నీళ్లు మనుషుల లెక్క కాదు, కొడితె ఊకోవు."

మనుషులు ఊరుకుంటారని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు ఎక్కువగా కలిగించింది కింద వెనక గదిలో ఉండే ఆమె.

పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మొగుడు సెంట్రింగ్ పనికి వెళ్ళేవాడు, ఆమె గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్. పొద్దున ఎనిమిదింబావుకి మా గల్లీ మొదట్లో కంపెనీ వ్యాను ఆగేది. ఆమె ఆ ఒక్క గదినే ఎందుకు అంటిపెట్టుకుని ఉందో నాకోసారి చెప్పింది. "ఈ రూమున్నంత వరకే నా నౌకరి మేడం. వ్యాను ఇంకో గల్లీకి రాదు. రూము వోతె నౌకరి వోతది, నౌకరి వోతె ఇగ మా ఇంటాయనను అడుక్కోవాలె." నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆ పిలుపు ఎందుకు కనిపెట్టారో ఇప్పుడు నాకు తెలుసు, పని చెప్పుకోవడానికి.

ఎందుకంటే వంతు మా అందరిదీ, కూర్చునేది ఆమె. మూడో అంతస్తు ఆవిడకు పిల్లల స్కూలు, నాకు మీటింగులు, ఇంకొకరికి నడుము నొప్పి. "అక్కా, జర చూస్తావా" అంటే చాలు. కాదనదు. ఒక చేత్తో పిడి పట్టుకుని ఇంకో చేత్తో చిక్కుడుకాయలు తుంచుకునేది. పెద్దాయన ఇదంతా చూసేవాడు. ఆమె చెవిన పడేలా, "గాడిద ఉంటె ఊరందరికి బరువు గుర్తొస్తది," అనేవాడు. ఆమె తల వంచుకుని నవ్వేసేది. మేమూ నవ్వేవాళ్ళం.

ఒకరోజు వంతు నాది. కాగితం మీద నా అంతస్తే ఉంది. ఏడున్నరకు అవతలి దేశం వాళ్ళతో కాల్, నేను చేసిన పని నేనే చూపించాలి, నా ప్రమోషన్ దాని మీదే ఉంది. ఎప్పట్లాగే ఆమె తలుపు దగ్గరికెళ్ళి అక్కా అన్నాను. "అన్నం పొయ్యి మీదున్నది మేడం, అయినా పోన్రి, నేను చూసుకుంట," అంది.

నా గదిలో నెట్ సరిగా రాక లాప్‌టాప్ తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నాను. నాకు పదడుగుల దూరంలో సంపులోకి ధార పడుతోంది. మాట్లాడటం మొదలుపెట్టానో లేదో, అవతల ఎవడో "జలపాతం దగ్గర కూర్చున్నారా?" అని నవ్వాడు. మా టీమ్ లీడు విడిగా మెసేజీ పెట్టింది, ఆ చప్పుడేమిటి, ఆపు, అని. చూస్తే పీట మీద ఆమె లేదు, అన్నం వార్చడానికి లోపలికి పోయింది. నల్లా బాగానే ఉంది, పిడి కింద చెక్కముక్క కూడా పెట్టి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద, నీళ్ల మీద, పెద్దాయన మీద, ఆ వెధవ వంతు మీద. చెవుల్లో హెడ్‌ఫోన్లతోనే దిగి, చెక్కముక్క లాగి పారేసి, పిడి పట్టుకుని ఒక్క తోపు తోశాను. చప్పుడు ఆగింది. మెట్లెక్కి "సారీ, ఇప్పుడు వినిపిస్తోందా" అన్నాను.

గోడలో గుండు పేలినట్టయింది.

ముందుగది గోడ మీదుగా వెళ్ళే పైపు జాయింటు ఊడింది. సరిగ్గా మంచానికి పైన. నీళ్లు కర్రలాగా వెళ్ళి ఆ మంచాన పడ్డ మనిషి ఛాతీ మీద కొట్టాయి. పక్కకు తిరగలేదు, కేక వేయలేదు. పెద్దాయన వెనక పెరట్లో ఉన్నాడు, పరిగెత్తుకొచ్చి మీటరు దగ్గర వాల్వు కట్టేసేసరికి ఎంతసేపయిందో. మేమంతా గుమ్మంలోంచి చూశాం. ఆవిడ దుప్పటి, దిండు, జుట్టు అన్నీ ఏకమైపోయి, పళ్ళు టకటకలాడుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "వానొచ్చింది," అంది. రెండేళ్ళలో ఆవిడ నోట నేను విన్న ఒకే ఒక్క మాట అది.

నేను అప్పటికే కాల్ కట్ చేసి లాప్‌టాప్ మూసేశాను. అది కూడా చెప్పాలి, అది మూశాకే కిందికి వెళ్ళాను.

పెద్దాయన భార్యకు పొడి చీర కట్టించి, వాకిట్లోకి వచ్చి అందర్నీ పిలిచాడు. అరవలేదు. ఆయన అరవనప్పుడే భయం.

"నల్లా కాడ ఎవలున్నరు?"

చేతికి గంజి మరకతో ఆమే ముందుకొచ్చింది. "నేనే ఉన్న సార్. అన్నం వార్సనీకె రెండు నిమిషాలు లోపలికి వోయిన. చెక్క వెట్టి వోయిన సార్. జారినట్టున్నది." ఏడుస్తోంది. నల్లా దానంతటదే జారిపోయిందని నిజంగానే నమ్మింది. చెక్కముక్క నా కాలి పక్కనే పడి ఉంది. నేను దాన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు.

అప్పుడు నేను ఒక్క మాట అనాల్సింది. నేను కట్టేశానండీ, నాకు తెలియక అని. తిట్టేవాడు, నలుగురిలో పరువు తీసేవాడు, ఇల్లు ఖాళీ చేయమనేవాడు. చేస్తే ఏం, ఆ చుట్టుపక్కల వెయ్యి ఇళ్ళు. నేననలేదు. "పోనీలెండి అంకుల్, ఆవిడ కావాలని చేసిందా," అన్నాను. పైగా జాలి కూడా చూపించాను!

"ఆదివారం లోపట రూము ఖాళీ చెయ్యి," అన్నాడు ఆమెతో.

ఆమె కాళ్ళ మీద పడింది. మొగుడు పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అంతా విన్నాడు. "రెండు నిమిషాలు నల్లా పట్టుకోనీకె చేతగాలే. ఇల్లు పోగొట్టినవ్," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఎనిమిదింబావుకి వ్యాను హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం ట్రాలీ ఆటోలో వాళ్ళ సామాను ఎక్కించారు. బీరువా ఒకటి, స్టవ్వు, మూటలు. హఫీజ్‌పేట్ పట్టాల అవతల రూము దొరికిందని చెప్పింది. నేను మెట్ల మీద నిలబడి చెయ్యూపాను. సోమవారం పొద్దున ప్లంబర్ వచ్చాడు. పిడికిలంత ఇత్తడి వాల్వు, మీటరు పక్కన బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. నల్లా తిప్పితే నీళ్లు బుద్ధిగా వచ్చాయి. మెట్ల కింద వంతుల కాగితం పెద్దాయన తన చేత్తోనే చింపేశాడు. ఈ అరగంట పని ఒక్క వారం ముందు చేసి ఉంటే ఆమె ఆ గదిలోనే ఉండేది. ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూశాను, ఒక్కరూ అనలేదు.

తర్వాత మూడు రోజులకు నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే వాకిట్లో పిలిచాడు. చువ్వ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కూసో."

నేను కూర్చోలేదు.

"నాకెరుకే బిడ్డా. పెరట్ల పైపు కాడనే ఉన్న ఆ దినం. ఆ పిడి దానంతటది జారితె చప్పుడు సన్నగయ్యి సన్నగయ్యి ఆగుతది. గట్ల ఆగలే. టక్కున ఆగింది. ఎవలో చేత్తోని నూకిన్రు. గామె చెయ్యి నాకు తెలుసు. గామె గట్ల నూకదు."

అయినా నోరు ఊరుకోలేదు. "మరి తెలిసీ ఆవిణ్ణెందుకు పంపించేశారండీ?"

"నువ్వెందుకు నోరిప్పలే?"

నేను గేటు వైపు చూశాను.

"అందరు చూస్తున్నరు, ఎవలనో ఒకలను ఎల్లగొట్టాలె," అన్నాడు, పిల్లకు లెక్క చెబుతున్నంత శాంతంగా. "నిన్ను ఎల్లగొడితె పొద్దూకె వరకు ఫోన్ల ఇంకో ఇల్లు చూసుకుంటవు. నీకేం నొప్పి? కొడితె నొప్పి తెలిసేటోళ్లనే కొట్టాలె. గప్పుడే మిగిలినోళ్లు సక్కగుంటరు."

"అది అన్యాయం కదండీ."

"అన్యాయమే. పోయి చెప్పు ఆమెకు, అడ్రసు ఇస్త. నేను వద్దంటలేను. చెప్పేది, చెప్పనిది నీ జిమ్మేదారి."

అడ్రసు తీసుకోలేదు. ఆయన మీద అసహ్యం వేసింది, ఒళ్ళంతా జలదరించే అసహ్యం. ఆ మనిషి రాక్షసుడని ఆ రోజు బస్సులో కనీసం ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను, నా భాగం తీసేసి. సిగ్గు కూడా వేసింది, కాదనను. కానీ సిగ్గు కంటే ముందు, ఆయన ఎవరికీ చెప్పడన్న ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత ఇంకో ఏడాది ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను నల్లా తిప్పినప్పుడల్లా కిందనుంచి "మెల్లగ తల్లీ, మెల్లగ" అని నవ్వుతూ అరిచేవాడు. మందులు తెమ్మంటే తెచ్చేదాన్ని, ఫోనులో బిల్లు కట్టమంటే కట్టేదాన్ని, నాకు జ్వరంగా ఉన్నా ఆయన భార్య పక్కదుప్పట్లు మార్చడానికి చెయ్యి సాయం పట్టేదాన్ని. "మంచి పోరి," అనేవాడు వచ్చినవాళ్ళతో నా ముందే. ఆ మాటకు నేను చచ్చిపోయేదాన్ని. ఆవిడ పోయిన నెలకు నేను గచ్చిబౌలిలో ఫ్లాటు చూసుకుని మారిపోయాను. మళ్ళీ ఆ గల్లీ మొహం చూడలేదు.

శుక్రవారం ఎందుకు వెళ్ళానంటే, నిజంగా పోయాడని కళ్ళారా చూడటానికి. ఇంకెవరి చెవుల్లోనూ నా సంగతి లేదని నాకు నమ్మకం కావాలి. గల్లీకి అడ్డంగా టెంటు వేశారు. ముందుగదిలో కుర్చీ మీద ఫొటో, దండ, ఎదురుగా ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టారు. కొడుకు చేతులు జోడించి "తిని పోన్రి" అన్నాడు. బగారా అన్నం, మటన్, బంతి నిండా జనం. వెళ్ళి కూర్చున్నాను.

నా పక్కన ఖాళీ కుర్చీలో ఎవరో కూర్చుని, "మేడం, బాగున్నరా?" అన్నారు.

ఆమే. మనిషి సగమైపోయింది. నోట్లో ముద్ద ఉండి తలూపాను.

"ఆఫీసుల పని వోయింది మేడం. గంత దూరం వ్యాను రాకపాయె. ఇప్పుడు రెండిండ్లల్ల బాసన్లు తోముతున్న." ఆమె విస్తట్లో అన్నం కలపలేదు. గొంతు తగ్గించింది. "పెద్దాయన దవాఖానల ఉన్నడంటె పోయిన నెల చూడబోయిన. ఎంతైన ఆయన ఇంట్ల ఉన్నం గదా. నన్ను చూసి ఏమన్నడో ఎరుకనా? ఆ దినం తప్పు నీది కాదే, ఎవలో నల్లా నూకిన్రు, అన్నడు. ఎవలు సార్ అని కాళ్లు వట్టుకుని అడిగిన. చెప్పలే. నవ్విండు. ఆళ్లనే అడుగు, ఆళ్లే చెప్తరు, అన్నడు."

నీళ్లు తాగాను.

"మీరు మెట్ల మీదనే కూసున్నరు గదా ఆ దినం. మీకు కనవడే ఉంటది. ఎవలు మేడం? నేనేం కొట్లాడ. మా ఇంటాయన ఇప్పటికి, కూరల ఉప్పెక్కువైనా, ఇల్లు పోగొట్టినదానా అంటడు. పిల్లల ముంగట అంటడు. ఒక్కపారి ఆయన చెవుల పడాలె, నేను కాదని. పేరు చెప్పున్రి, సాలు. నాకింకేం వద్దు."

నేనే అక్కా. రెండు మాటలు. పెద్దాయన నా కోసం వదిలివెళ్ళిన రెండు మాటలు. చుట్టూ చూశాను. మూడో అంతస్తు ఆవిడ ఎదురు వరసలో ఉంది, పాత కిరాయిదార్లంతా ఉన్నారు. ముందుగదిలో ఫొటో కనబడుతోంది. చచ్చినవాడు లేచి వచ్చి కాదంటాడా?

"ఆయనే అక్కా," అన్నాను.

"ఎవలు?"

"పెద్దాయనే. నువ్వు లేచి లోపలికి పోవడం చూశాడు. నీకు బుద్ధి చెప్పాలని ఆయనే వచ్చి నెట్టేశాడు. నేను మెట్ల మీంచి చూశాను. అప్పుడు భయపడి చెప్పలేదు."

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీరన్న చెప్పిన్రు మేడం," అంది. నేనింక ఆమె వైపు చూడలేదు, అన్నం కలుపుకున్నాను.

లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆమె తిన్నగా ముందుగదిలోకి వెళ్ళింది. ఒక్క అరుపు వినిపించి బంతి మొత్తం ఆగిపోయింది. "నీ నోట్ల మన్నువడ! నీ పెండ్లాం మీద నువ్వే నీళ్లు వోసి, నా మీద ఏస్తివి గదరా! నా నౌకరి వాయె, నా ఇజ్జత్ వాయె! సచ్చేటప్పుడన్న చెప్తివా?" దండ తెంపింది. ఫొటో కుర్చీ మీంచి పడి అద్దం పగిలింది. విస్తట్లోవన్నీ కాళ్ళ కింద నలిగిపోయాయి.

కొడుకు, ఇద్దరు బంధువులు పరిగెత్తారు. రెక్కలు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చారు. "ఎవలే నువ్వు? దినం నాడు వచ్చి మా నాయినను తిడతవా? తాగినవా?" కొప్పు ఊడిపోయి, చేతికి గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారుతోంది. వాళ్ళను తోసుకుంటూ ఆమె నా కోసం వెతికింది. నన్ను చూడగానే ఆమె మొహంలో ధైర్యం వచ్చింది.

"నేను ఊకె అంటలేను! మేడం చూసింది, ఆ మేడం కండ్లార చూసింది! చెప్పున్రి మేడం, ఈళ్లకు చెప్పున్రి!"

బంతిలో అందరూ నా వైపు తిరిగారు. కొడుకు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏందమ్మా? ఏం చూసిన్రు మీరు?"

"నేనేం చూడలేదండీ," అన్నాను. "ఆ రోజు నేను మీటింగులో ఉన్నాను."

ఆమె అరవడం ఆపేసింది. వాళ్ళు ఆమెను గేటు దాటించి లోపల్నుంచి గొళ్ళెం పెట్టారు.